ఎర్ర బనీనును ముట్టొద్దు

పెళ్లయ్యాక నేను మొదట కుట్టింది జాకెట్టు కాదు, దిండు గలీబు కాదు. ఒక మనిషిని.

ఆ మనిషికి తల లేదు, చేతుల్లేవు. నాలుగు బియ్యం గోనెలు కలిపి పొడవాటి సంచిలా కుట్టి, వర్క్‌షాపులో మిషన్లు తుడిచే నూలు పీచు కూరితే నా భుజమంత ఎత్తున నిలబడ్డాడు. పక్కగదిలో ఉండే జైబున్నీసా తన కుట్టుమిషను ఇచ్చింది. గోనెపట్టాకు మూడు సూదులు విరిగాయి. విరిగిన ప్రతిసారీ ఆమె "యా అల్లా" అని నెత్తి పట్టుకునేది, నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఆ రోజుల్లో నాకు అన్నిటికీ నవ్వే వచ్చేది. కిటికీలోంచి చూస్తే కింద మలయాళీ టీకొట్టు, దాని పక్కన పఠాన్ల రొట్టె బట్టీ, రోడ్డుకు ఆవల నల్ల బురఖాలో ఒకామె అచ్చం మా అమ్మలాగే బెండకాయ కొన విరిచి చూసి బేరమాడటం కనిపిస్తే కూడా నవ్వే.

అది ఎనభై ఒకటి నవంబరు. నేను షార్జాకు వచ్చి ఇరవై రోజులు. ఊళ్లో వాళ్లకు మాత్రం నేను దుబాయ్ పోయినదాన్ని. రోలాలో రెండు గదుల ఫ్లాటులో ఒక గది మాది, ఒకటి నిజామాబాదు నుంచి వచ్చిన ఖాజా భాయ్, జైబున్నీసాలది. వంటిల్లు ఇద్దరిదీ. మా ఆయన రాజేశ్వర్ ఇండస్ట్రియల్ ఏరియాలో పైపులు వెల్డింగు చేసే ఒక వర్క్‌షాపులో స్టోర్‌కీపరు. చేతి తొడుగులు, వెల్డింగు రాడ్లు, నల్ల కళ్లద్దాలు ఎవరికి ఏం కావాలన్నా ఆయన కిటికీ దగ్గరికే రావాలి.

ఆ వర్క్‌షాపు వెనక ఇసుక జాగాలో శుక్రవారం పొద్దున కబడ్డీ ఆడతారు. అందరూ జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు వాళ్లు. ఏటా డిసెంబరు చివరి శుక్రవారం ఉమ్ అల్ క్వైన్‌లోని ఒక ఫ్యాక్టరీ క్యాంపు వాళ్లతో పోటీ ఉంటుంది. జట్టుకు ఏడుగురు. మా ఆయన నాలుగేళ్లుగా ఎనిమిదో మనిషి. అంటే గీత బయట కూర్చుని ఏడుగురి చెప్పులు, చేతి గడియారాలు కాచేవాడు. ఈసారి కూతకు పోయే ఒకతను పని వదిలేసి ఊరెళ్లిపోయాడు. ఒక చోటు ఖాళీ అయింది.

"ఈసారి ఏడుగురిల నేనుంట, సూడు" అన్నాడు, నేను వచ్చిన రెండో రోజే, నా పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ. కళ్లనిండా నీళ్లు. ఉల్లిగడ్డల వల్లనో, ఆశ వల్లనో నాకు తెలియలేదు. నా మొగుడు నాతో చెప్పుకున్న మొదటి కోరిక బంగారం లాంటిదేదో అయినట్టు నేను ఆ రోజే ముడుపు కట్టాను.

అంతలో ఆట మీదికే ముప్పొచ్చింది. ప్రాక్టీసులో ఆశన్న అనే వెల్డరు మణికట్టు బెణికింది. శనివారం కట్టుతో డ్యూటీకి వచ్చాడు. ముదీర్, అంటే వర్క్‌షాపు మేనేజరు, చూశాడు. ఇంకొక్కడు కట్టుతో కనబడితే వెనక జాగాకు తాళం వేసి, ఆట ఖలాస్ అన్నాడు. వెల్డింగు చేసేవాడికి చెయ్యే అన్నం. ముదీర్ మాటలో తప్పేం లేదు. కానీ పట్టుకోకుండా కబడ్డీ ఎలా నేర్చుకుంటారు?

దానికి దారి చూపించింది బార్నెట్ అనే అమెరికా ఇంజనీరు. ఒక నూనె కంపెనీ తరఫున పైపుల అతుకులు పరీక్షించడానికి వచ్చేవాడు. తలుపులో పట్టనంత మనిషి. ఎడమ మోకాలు మాత్రం వంగదు. యవ్వనంలో వాళ్ల దేశపు ఫుట్‌బాల్ ఆడాడట, అదీ జీతానికి ఆడించే జట్టులో. రెండు ఎండాకాలాలు వాళ్ల శిక్షణ క్యాంపులో ఉన్నాడు. అసలు ఆటలు మొదలయ్యేలోపే మోకాలు పోయింది. గోడ పక్కన నిలబడి మావాళ్ల ఆట చూసి, మా ఆయనతో ఏదో చెప్పబోయాడు. ఆయన మాట ముక్కులోంచి వస్తుంది, మా ఆయనకు సగమే అర్థమైంది. "మా ఇంటామె బి.ఏ." అని చెప్పి తర్వాతి శుక్రవారం నన్ను తీసుకెళ్లాడు.

ఇసుకలో అందరూ అర్ధచంద్రాకారంగా కూర్చున్నారు. బార్నెట్ గారు నిలబడి చెబుతుంటే నేను తెలుగు చేశాను. కరీంనగర్ కాలేజీలో ఏ సెమినారులోనూ నన్నింత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

వాళ్ల ఆటలో పీచు తీయని కొబ్బరికాయ లాంటి బంతి ఉంటుందట. అది పట్టుకుని పరిగెత్తేవాణ్ణి కింద పడేయడమే అవతలివాళ్ల పని.

"అయితే మన కబడ్డీయే, చేతిల కొబ్బరికాయ పెట్టిన్రు" అన్నాడు ఆశన్న.

"అడుగు బిడ్డా, ఆడెతందుకు జీతమిచ్చే కఫీల్ ఎవడట?" అన్నాడు పోశయ్య. పోశయ్య అందరికంటే పెద్దవాడు, నలభై దాటినవాడు, జట్టుకు నాయకుడు. నన్ను మొదటి రోజు నుంచే బిడ్డా అన్నాడు, నేను కాకా అన్నాను.

పోటీ ఆదివారం ఉంటే వారం మధ్యలో అంత జీతపు మనుషులు ఒకరినొకరు నేలకేసి కొట్టుకోరు అని చెప్పాడు బార్నెట్ గారు. ఎండాకాలం క్యాంపులో కొన్ని రోజులు నిజంగానే పడేస్తారు. పోటీలు మొదలయ్యాక దాదాపు ఉండదు. బలమంతా చూపించాలంటే గోనె మనిషి మీద చూపిస్తారు. మనిషి ఎదురొస్తే భుజం ఆనించి, రెండు చేతులూ చుట్టి, అక్కడితో ఆగుతారు. కింద పడెయ్యరు. విజిల్ ఊదగానే వదిలేస్తారు.

"పడెయ్యకుంటే పట్టు దొరికిందని ఎట్ల ఎరుక?" పోశయ్య కాకా గొంతులో కొంచెం అవమానం కూడా ఉంది.

"పడేయడం మీకు ముందే వచ్చు. రెండు వారాలు పడేయకపోతే మరిచిపోతారా? దగ్గరికెళ్లడం, తల పక్కకు పెట్టడం, చేతులు చుట్టడం, ఇవి రావాలి. నీ మనిషిని నువ్వే విరగ్గొట్టుకుంటే పోటీ రోజు ఎవరిని దింపుతావు?" అన్నాడాయన.

పోశయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఆ మాట నిజమే" అన్నాడు చివరికి.

అప్పుడు బార్నెట్ గారు ఇంకొకటి చెప్పాడు. వాళ్ల జట్టులో బంతి విసిరేవాడొకడు ఉంటాడు. అతనికి ప్రాక్టీసులో ఎర్ర చొక్కా వేస్తారు. ఎర్ర చొక్కాను ఎవరూ ముట్టకూడదు. అతను పోతే జట్టే పోతుంది కాబట్టి.

నేను చెప్పడం పూర్తయిందో లేదో, ఆశన్న లేచాడు.

"ఎర్ర అంగీ రాజేశ్వర్ సారుకే! కొత్త పెండ్లికొడుకు. మొన్ననే వదినె దిగింది. సారు కాలిరిగితే వదినె మనను ఊరుకుంటదా?"

"పెండ్లినాడు మైలపోలు తీసిన పసుపన్న పోలేదింక, ఎవడు ముడ్తడు?" అన్నాడింకొకడు.

అందరూ గొల్లుమన్నారు. కొత్త పెళ్లికొడుకు ఒంటి మీద దెబ్బ పడనీయకూడదని మా వైపు ఒక పట్టింపు. ఏడాది వరకు చెట్టెక్కనివ్వరు, బావిలో దిగనివ్వరు. మా ఆయన సిగ్గుపడుతూనే ఛాతీ కాస్త పొంగించాడు. నాకు ఎంత ముద్దొచ్చాడో!

ఆ నవ్వుల్లో బార్నెట్ గారు నా వైపు వంగి, "మీ ఆటలో విసిరేవాడు లేడు కదా. మీకు ఎర్ర చొక్కా అక్కర్లేదేమో, చెప్పండి" అన్నాడు.

ఆ ముక్క నేను తెలుగు చేయలేదు.

వినపడక కాదు. మా ఆయన్ని ఎవరూ ముట్టరన్న మాట అంత తియ్యగా ఉంది.

బార్నెట్ గారు ఎడారిలో పనుందని మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. నేను ఆ సాయంత్రమే రోలాలో ఎర్రగుడ్డ కొన్నాను. రెండ్రోజులకు గోనె మనిషి తయారయ్యాడు, ఆ వెంటనే ఎర్ర బనీను కుట్టాను. టాక్సీలో వెనక సీటులో మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లాం. పఠాను డ్రైవరు అద్దంలో చూసి చూసి, మూడో మనిషి ఎవరని అడిగాడు.

జట్టువాళ్లు ఆ బొమ్మకు కఫీల్ అని పేరు పెట్టారు. వీసాలిచ్చి పాస్‌పోర్టులు దాచుకునే అసలు కఫీల్‌ను వాళ్లలో చాలామంది చూడనైనా లేదు. "కఫీల్ వస్తుండు, పట్టుర్రి!" అని పోశయ్య కేకేస్తే ఒక్కొక్కడు పరిగెత్తుకొచ్చి ఎలా గుద్దేవాడంటే, నా కుట్లు రెండుసార్లు ఊడాయి. ముదీర్ అటు వస్తే మాత్రం బొమ్మ పేరు "మామ" అయిపోయేది.

మా ఆయన ఎర్ర బనీనులో మెరిసిపోయాడు. కూతకు వెళ్లి ఇద్దరినీ ముగ్గురినీ ముట్టి తిరిగొచ్చేవాడు. ఇంట్లో కూడా అదే కూత. పొయ్యి దగ్గర నుంచి కిటికీ దాకా కబడ్డీ కబడ్డీ అంటూ ఒక్క ఊపిరిలో పదిసార్లు తిరిగేవాడు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టేదాన్ని. పదకొండో సారి తిరిగితే నేను చప్పట్లు కొట్టాను, గోడ అవతల నుంచి ఖాజా భాయ్ కూడా కొట్టాడు.

డిసెంబరు రెండో శుక్రవారం జైబున్నీసా కూడా ఆట చూడటానికి నాతో వచ్చింది. ఆట గురించి ఆమెకేమీ తెలియదు. కాసేపు చూసి, "దుల్హన్, అందరి ఒళ్లంతా మట్టి ఉంది. మీ దుల్హా బనీను ఇస్త్రీ బట్టల్లె ఉందేంది?" అంది.

"మా ఆయన దొరకడు కదా!" అన్నాను గర్వంగా.

అన్నాక మళ్లీ చూశాను. ఆయన కుడి మూలకు వెళ్లాడు. అక్కడ నిలబడ్డ ఆశన్న చేతులు చాపాడు, ఆయన దగ్గరికి రాగానే చేతులు వెనక్కి తీసుకున్నాడు. పందిట్లో పెద్దమనిషి వస్తే కుర్చీ జరిపినట్టు పక్కకు జరిగాడు. ఆయన ముట్టి, తిరిగొచ్చి, నా వైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ నవ్వు రాకుండా నవ్వడం నాకదే మొదటిసారి.

ఆ రోజే బార్నెట్ గారు ఎడారి నుంచి తిరిగొచ్చాడు. నా పక్కన నిలబడి రెండు కూతలు చూసి అడిగాడు.

"ఆ ఎర్రచొక్కా మీవారేనా? ఆయన పనేమిటి ఈ ఆటలో?"

చెప్పాను. గీత దాటి వెళ్లి, వాళ్లను ముట్టి, పట్టుకుంటే పెనుగులాడి తిరిగిరావడం.

"మా విసిరేవాడి పని దొరక్కముందే బంతి వదిలేయడం. వాణ్ణి ముట్టకపోయినా వాడి పని వాడు నేర్చుకుంటాడు. మీవారి పని దొరికాక మొదలవుతుంది కదమ్మా" అన్నాడాయన మెల్లగా. "ఎవరూ పట్టుకోకపోతే ఆయన ఏం నేర్చుకుంటున్నట్టు?"

ఆయన నన్ను తప్పు పట్టలేదు. ఆ రోజు ఆయన చెప్పిన మాట నేను దాచానని ఆయనకు తెలియదు కూడా. నాకు తెలుసు.

ఆట ముగిశాక పోశయ్య కాకా దగ్గరికి వెళ్లాను. ఆయన గోనె మనిషికి ఊడిన కుట్టు ముడేస్తున్నాడు.

"కాకా, ఏడుగురిలో మా ఆయన ఉన్నాడా?"

ఆయన ముడి మీదనుంచి కళ్లెత్తలేదు. "వచ్చే శుక్రారం పేర్లు చెప్పాలె."

"ఉన్నాడా?"

"లేడు బిడ్డా. ఎట్ల పెడుదు? ఉమ్ అల్ క్వైన్ల త్రిమూర్తులని ఒక గోదారోడు ఉన్నడు. చీలమండ పట్టిండంటే గోడకు మేకు కొట్టినట్టే. సారును ఇన్ని దినాలల్ల ఒక్కడన్న పట్టిండా? తొలి కూతకే దొరుకుతడు. నలుగురిల నవ్వులపాలైతడు. మంచిమనిషి, నా నోటితోని ఎట్ల చెప్పాలె?"

"మరి ఎర్ర బనీను వద్దని మీరే అనొచ్చు కదా?"

"అమెరికా దొర పెట్టిన కాయిదా అంటివి. నువ్వే చెప్పితివి. నువ్వే కుడితివి." కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో మా ఆయన ఈల వేస్తూనే ఉన్నాడు. నేను ఇంటికొచ్చి, పప్పు వడ్డించి, ఆవకాయ వేసి, ఆయన మొదటి ముద్ద కలిపాక చెప్పాను. బార్నెట్ గారు అన్న మాట, నేను దాచిన మాట, ఆశన్న చేతులు వెనక్కి తీసుకోవడం, పోశయ్య కాకా చెప్పింది. అన్నీ ఒకేసారి చెప్పేశాను. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేనని భయం.

ఆయన అన్నం తిన్నాడు. తన పళ్లెం తనే కడుక్కున్నాడు. మా పెళ్లయ్యాక ఆయన నాతో మాట్లాడకుండా గడిపిన మొదటి అరగంట అది. కింద టీకొట్టు రేడియో వినిపిస్తోంది. నేను కొంగు కొసను మెలిపెడుతూ కూర్చున్నాను.

"ఒక్కటి చెప్పు. ఎందుకు దాచినవు?"

"మిమ్మల్ని పడేస్తారని భయం."

"నాకేమనిపించింది ఎరుకేనా?" కిటికీ దగ్గర నిలబడి, వీధిలోకి చూస్తూ అన్నాడు. "ఎవ్వలు పట్టకుంటే, నా కాళ్లల్లనే ఏదో ఉన్నదనుకున్న. గాలి ఉన్నదనుకున్న."

అలా అని, తన కాళ్ల వంక ఒకసారి చూసుకున్నాడు. అంతే, ఆయనకే నవ్వొచ్చింది. ఆయన నవ్వాక నాకు ఏడుపొచ్చింది. అది చూసి ఆయన ఇంకా నవ్వాడు.

"వారం దినాలున్నయి. ఇగ రా, పట్టు" అని పాదం నా ముందు పెట్టాడు.

నేను నేల మీద కూర్చుని చీలమండ రెండు చేతులా పట్టాను. ఆయన కూత పెట్టి కిటికీ వైపు లాగాడు. నేను వదల్లేదు. చాపతో సహా గదంతా ఈడ్చుకెళ్లాడు. నా జడ ఊడింది, గాజులు గలగలమన్నాయి. చప్పుడుకు జైబున్నీసా తలుపు తోసి చూసింది. నేలమీద పడి మొగుడి కాలు కరుచుకున్న నన్ను చూసి, "తౌబా తౌబా! ఊరికి పోతుండా? ఆపాల్నా?" అని ఆమె కూడా రెండో కాలు పట్టబోయింది.

మర్నాటి నుంచి డ్యూటీ అయ్యాక రోజూ గంటసేపు వెనక జాగాలో ఉండిపోయేవాడు. మొదటి రోజు ఆశన్న మొరాయించాడట.

"సారూ, నిన్ను పడితే రేపు నాకు చినిగిన గ్లౌసులిస్తవు."

"పట్టకుంటే చినిగినయి ఇస్త."

"వదినె?"

"వదినెనే పట్టమన్నది."

అమెరికా కాయిదా ప్రకారమే పట్టారు. భుజం ఆనించి, చేతులు చుట్టి, నేలకేసి కొట్టకుండా. విజిల్ దాకా ఆయన పెనుగులాడాలి. విజిల్ మోగితే వదలాలి. ఒక్క సాయంత్రంలో ఇరవైసార్లు దొరికేవాడట. ఇంటికొచ్చి, ఏ చెయ్యి ఎలా చుట్టుకుంది, ఎవరి పట్టు గట్టిది, ఎవరి బొటనవేలు ముందు జారుతుంది, అన్నీ నా చెయ్యి మీద చూపించేవాడు. నాకు ఆ వారమంతా ముంజేతుల మీద వేళ్ల గుర్తులే. మా అమ్మ చూస్తే ఏమనుకునేదో అని ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

పేర్లు చెప్పే శుక్రవారం వచ్చింది. ఆయన తెల్ల బనీనులో దిగాడు. ఐదుసార్లు కూతకు వెళ్లాడు. మొదటిసారి దొరికాడు. రెండోసారీ దొరికాడు. మూడోసారి ఇద్దరు చుట్టేశారు. నాలుగోసారి గీతకు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. ప్రతిసారీ విజిల్ మోగింది, ప్రతిసారీ లేచి ఇసుక దులుపుకున్నాడు. నేను కళ్లు మూసుకోలేదు. మూసుకోకూడదని ముందే అనుకుని వెళ్లాను.

ఐదోసారి ఆశన్న చీలమండ పట్టాడు. ఆయన బోర్లా పడ్డాడు, కూత ఆగలేదు. మోచేతుల మీద పాక్కుంటూ, కాలు ఒక మెలిక తిప్పాడు. పోశయ్య కాకా పళ్ల మధ్య విజిల్ ఉంది. ఆయన ఊదలేదు. అందరూ అరుస్తున్నారు. ఆశన్న బొటనవేలు జారింది. మా ఆయన చూపుడు వేలు గీత మీద పడింది.

ఒకటే. ఐదింటిలో ఒకటి.

పోశయ్య అందరినీ కూర్చోబెట్టాడు. ఆరు పేర్లు గబగబా చెప్పాడు. ఆ ఆరుగురిలోనే ఒక కుర్రవెల్డరుకు కూతకు పోయే చోటు ఇచ్చాడు. మా ఆయన తల వంచుకున్నాడు.

"ఇగ కుడి మూల" అన్నాడు పోశయ్య. "సారు కూతకు ఇంకా పనికిరాడు. మొఖం మీదనే చెప్తున్న. కానీ వారం దినాలు అందరి పట్టు తిన్నడు. ఎవని చెయ్యి యాడ వదులైతదో మీ అందరికన్న ఆయనకే ఎరుక. తను వదులు కానియ్యడు. త్రిమూర్తులు కూతకొస్తే, మూలకు నిలబడి వాని కాలు పట్టేది ఈనే." మా ఆయన వైపు వేలు చూపించి, "ఏడోడు మన రాజేశ్వర్‌గాడు" అన్నాడు.

సారు అనలేదు. ఆ 'గాడు' విని మా ఆయన మొహం ఎలా వెలిగిందో! పెళ్లిపీటల మీద కూడా అంత వెలుగు చూడలేదు నేను.

"యల్లా, చాయ్!" అని ఆశన్న గ్లాసులు పట్టుకొచ్చాడు. మా ఆయన గ్లాసు అందుకోబోయాడు. వారమంతా పెనుగులాడిన భుజాలు లేవలేదు. గ్లాసు వంగి, చాయ్ సగం ఇసుకలో ఒలికింది. నేను లేచి వెళ్లి, పన్నెండు మంది మగవాళ్ల ముందు, గ్లాసు ఆయన పెదాల దగ్గర పెట్టాను. ఎవరో ఈల వేశారు.

"చూస్తున్రు" అన్నాడాయన.

"చూడనీ. తాగండి, చల్లారుతుంది" అన్నాను.